గవిలో ఎముక కనబడితే: అది పులిదా, పందిదా, కుక్కదా?

తిరుపతిలో జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైనా, నా దగ్గరికి ఎముకలు తెచ్చేవాళ్లు మాత్రం మానలేదు. తలకోన వైపు ట్రెక్కింగుకు పోయొచ్చిన కుర్రాళ్లు, భాకరాపేట దిగువన మేకలు తోలుకునేవాళ్లు, గుడ్డలోనో క్యారీబ్యాగులోనో చుట్టి తెచ్చి టీపాయ్ మీద పెడతారు. అందరూ అడిగేది ఒకటే: "మేడం, ఇది పులిదేనా?" చాలామటుకు కాదు. అడవిపందిది, కుక్కది, లేకపోతే ఎప్పుడో వంకలో పడి చచ్చిన ఆవుది. పులిది కాదనగానే మొహాలు చిన్నబోతాయి. "పోనీ, ఎక్కడ దొరికింది, ఎంత లోతులో, ఏ మట్టిలో?" అని నేనడిగితే ఇంకా చిన్నబోతాయి, ఎందుకంటే అది ఎవరూ చూసుండరు. నాకు ఎముక కంటే ఆ సంగతే ముఖ్యం. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి చూసే పద్ధతంతా ఇక్కడ రాసి పెడుతున్నా.

ముందు ఏ గవికి పోతున్నారో చూసుకోండి

మన శేషాచలం కొండల్లో పాతకాలపు పెద్దపులి ఎముక దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. కారణం కొండే. తిరుమల ఘాట్ రోడ్డులో, శిలాతోరణంలో మీరు చూసేది క్వార్ట్‌జైట్, అంటే ఇసుక గట్టిపడి అయిన రాయి. అందులో ఉండేవి నిజానికి గవులు కూడా కావు, బండల మధ్య నెర్రెలు, వాలిన రాయి కింద చూరులు. వాన నీళ్లు అటూ ఇటూ పారుతుంటాయి, ఎముక కొన్నేళ్లలో పొడిపొడైపోతుంది. రేణిగుంట దగ్గర రాళ్లకాలవ వెంబడి పాతరాతియుగపు మనుషులు చెక్కుకున్న రాతి బ్లేడ్లు దొరికాయి, పురావస్తు పరిశోధకులు ఎం.ఎల్.కె. మూర్తిగారు 1960లలోనే వాటి మీద రాశారు. రాయి ఎక్కడైనా నిలుస్తుంది. ఎముక వేల ఏళ్లు నిలవాలంటే సున్నం కావాలి.

ఆ సున్నం ఉండేది కడప దాటి పైకి పోతే. నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గవులు సున్నపురాయివి. చుక్కచుక్కగా కారే నీళ్లలోని సున్నం ఎముక చుట్టూ పేరుకుని దాన్ని కాపాడుతుంది. 1844లోనే కెప్టెన్ న్యూబోల్డ్ అక్కడ శిలాజాలున్నాయని రాశాడు. తర్వాత 1883 నుంచి 1885 దాకా భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు కలిసి తవ్వించారు. బయటపడిన ఎముకల్ని రిచర్డ్ లిడెక్కర్ పరిశీలించి 1886లో జాబితా అచ్చేశాడు. అందులో పెద్దపులి ఉంది, చిరుత ఉంది, ఇప్పుడు మన దేశంలో కనబడని ఖడ్గమృగం ఒకటి ఉంది. అక్కడి గవుల్లో ఒకదానికి ఫుట్ పెట్టిన పేరు ఛార్నెల్ హౌస్, అంటే ఎముకల కొట్టం. ఆ పేరొక్కటి చాలు లోపల ఏముండిందో చెప్పడానికి. చాలామంది బెలుం గుహలు చూసొచ్చి అవే ఇవి అనుకుంటారు. బెలుం వేరు, కొలిమిగుండ్ల దగ్గరుంది, టికెట్టు తీసుకుని లైట్ల వెలుగులో నడిచే చోటు.

ఇంకో ఆశ కూడా ఇక్కడే తుంచేస్తా, ఏమీ అనుకోకండి. కత్తుల్లాంటి కోరలున్న స్మైలోడాన్ మన గవుల్లో దొరకదు. అది అమెరికా ఖండాలు దాటి రాలేదు. దానికి పేరు పెట్టిన పీటర్ లుండ్ 1842లో బ్రెజిల్‌లోని లగోవా శాంతా గవుల్లో దొరికిన ఎముకలు చూసి రాశాడు. గుహ సింహం యూరప్, సైబీరియాలది. దాన్ని 1810లో జర్మనీలోని ఒక గుహలో దొరికిన పుర్రె ఆధారంగా వర్ణించారు. మన దగ్గర సంగతి వేరు. బిల్లసర్గంలో మళ్లీ తవ్వి 2014లో అచ్చేసిన అధ్యయనం చెప్పింది ఇదీ: గత రెండు లక్షల ఏళ్ల పొరల్లో గుర్తుపట్టిన జంతువుల్లో దాదాపు అన్నీ ఈ ఉపఖండంలో ఇంకా బతికే ఉన్నాయి. అంటే మీకు దొరికేది పులిదైతే, అది మీ ఎస్వీ జూలో ఆవలిస్తున్న పులి లాంటిదే. ఈ మాట చాలామందికి రుచించదు. నాకు మాత్రం ఇదే గొప్పగా అనిపిస్తుంది.

లోపలికి పోయే పని

అడవిలో గవి అయితే ముందు అటవీశాఖ రేంజ్ ఆఫీసుకు పోయి అడగండి. శేషాచలంలో చెప్పకుండా తిరిగితే మిమ్మల్ని ఎర్రచందనం కూలీలనుకోవడం ఖాయం. ఒంటరిగా పోవద్దు, తెల్లవారక ముందూ పొద్దు గుంకాకా అసలు వద్దు. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపిల్లను చంపిన సంగతి తిరుపతివాళ్లకు నేను చెప్పక్కర్లేదు. చిరుత ఒక్కటే కాదు, ఎండాకాలం మధ్యాహ్నం చల్లగా ఉండే గవి ఎలుగొడ్డుకు కూడా ఇల్లే. గవి నోటి దగ్గర నిలబడి వాసన చూడండి. పచ్చి మాంసం కుళ్లినట్టో, ఘాటుగా ఉచ్చ కంపో కొడితే వెనక్కి తిరగండి. పైన చూరుకు తేనెపట్లున్నాయేమో చూడండి. గబ్బిలాలుంటే మాస్కు లేకుండా దూరొద్దు, వాటి పెంట ధూళిలో బూజు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అగరబత్తి, కాగడా, బీడీ ఏదీ వెలిగించొద్దు. తలకు కట్టుకునే టార్చి, ఇంకో టార్చి జేబులో.

పాతదా, నిన్నటిదా

రంగు చూసి వయసు చెప్పేవాళ్లను నమ్మకండి. ఎర్రమట్టిలో పడిన కుక్క ఎముక ఒక్క వానాకాలానికే ఇటుక రంగు తిరుగుతుంది. నరాలు అంటుకుని ఉన్నా, జిడ్డుగా తగిలినా, వాసనున్నా అది కొత్తదే. మట్టి మీద వదులుగా పడి ఉన్నదీ చాలావరకు కొత్తదే. ఎముక సున్నపు పెచ్చులో సగం కూరుకుపోయి, రాయితో కలిసి ఉన్నట్టు కనబడితే, దాని పరిమాణానికి మించి బరువున్నట్టుంటే, అప్పుడు ఆగి చూడండి. నాలుకకు అంటుకుంటే పాతది అని ఒక చిట్కా తిరుగుతూ ఉంటుంది. గబ్బిలాల పెంటలో పడి ఉన్న వస్తువును నాలుకకు పెట్టుకునే మనిషికి నేనేం చెప్పేది!

కొత్త ఎముక అయినా పులిదో చిరుతదో అయితే ఇంటికి తెచ్చుకోకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది ప్రభుత్వానిది. దొరికిందని చెప్పడమే మీ పని.

పులిదేనా?

పెద్దగా ఉంటే పులిదనుకోవడం అందరూ చేసేదే. ఎద్దు ఎముక పులి ఎముక కంటే పెద్దది. పరిమాణం వదిలేసి మూడు చోట్లు చూడండి: దవడ, మోచేయి, గోరు.

దవడ ముందు. కింది దవడ దొరికితే అదృష్టం, లెక్కపెడితే చాలు. కోర తర్వాత కొంచెం ఖాళీ ఉంటుంది, ఆ తర్వాతి పళ్లను ఒక్క పక్కనే లెక్కపెట్టండి. పళ్లు ఊడిపోయి ఉంటే గుంతలున్నా చాలు, కాకపోతే ఒక్కో పంటికి రెండేసి వేళ్లుంటాయి కాబట్టి జాగ్రత్తగా. మూడే ఉంటే పిల్లి జాతి. నాలుగుంటే దుమ్ములగొండి, అంటే హైనా. ఏడుంటే కుక్క, నక్క, తోడేలు. ఇంట్లో తిరిగే పిల్లికీ, చిరుతకూ, పెద్దపులికీ లెక్క ఒకటే, నోట్లో మొత్తం ముప్పై పళ్లు. కుక్కకు నలభై రెండు. మీ ఇంటి పిల్లి ఆవలించినప్పుడు ఒకసారి చూసి పెట్టుకోండి, ఇంతకంటే మంచి పాఠం నేను క్లాసులో కూడా చెప్పలేదు.

ఆ మూడింటిలో చివరిది అసలు పన్ను. పిల్లి జాతి మొత్తం అక్కడే తెలిసిపోతుంది. పైదీ కిందిదీ ఒకదాని పక్కగా ఒకటి జారి మాంసాన్ని కోస్తాయి, అచ్చం అడకత్తెర వక్కను కోసినట్టు. కింది కోత పన్నులో రెండు పలకలే ఉంటాయి, మధ్యలో లోతైన చీలిక. వెనకవైపు నమలడానికి చదును భాగం ఉండదు. కుక్కకు ఆ చదును మడమ ఉంటుంది, దాని వెనక ఇంకా నమిలే పళ్లుంటాయి, ఎందుకంటే అది అన్నమూ తింటుంది, ఎముకా తింటుంది. దుమ్ములగొండికి ముందు పళ్లు లావుగా, గుంజల్లా, ఎముక పగలగొట్టడానికి తయారై ఉంటాయి. ఎలుగొడ్డు పళ్లు ఎగుడుదిగుడు బిళ్లలు, కోతకు పనికిరావు.

పిల్లి జాతి అని తేలాక చిరుతా, పెద్దపులా? అప్పుడు జేబులోంచి పది రూపాయల బిళ్ల తీయండి. దాని అడ్డకొలత 27 మిల్లీమీటర్లు. పై దవడలోని కోత పన్ను పక్కన పెట్టండి. సాధారణంగా చిరుత పన్ను ఆ బిళ్లకు లోబడే ఉంటుంది, పెద్దపులిది బిళ్లను దాటి బయటికి వస్తుంది. పిల్లలున్నాయి, ఆడా మగా తేడాలున్నాయి, కాబట్టి ఇది తీర్పు కాదు, అంచనా. పులా సింహమా అని అడిగేవాళ్లకు పాత చిట్కా ఒకటుంది. కింది దవడను బల్ల మీద పెట్టి తట్టితే సింహానిది ఊగుతుంది, పులిది సాధారణంగా కదలకుండా కూర్చుంటుంది. ఇది చేయాల్సింది మ్యూజియంలో, గవిలో కాదు.

ఇక విడిగా దొరికే కోర. నా టీపాయ్ మీదికి ఎక్కువగా వచ్చేది ఇదే, అందులో ఎక్కువ భాగం అడవిపందివే. విరిగిన చోటు చూడండి. పంది కింది కోర అడ్డకోత మూడు మూలలుగా ఉంటుంది, అడుగున మూసుకోదు, డొల్లగా తెరుచుకుని ఉంటుంది, ఎందుకంటే అది బతికినంత కాలం పెరుగుతూనే ఉంటుంది. పులి కోర అడ్డకోత కోడిగుడ్డు ఆకారం. ఎదిగిన పులిదైతే వేరు చివర మూసుకుని ఉంటుంది, బయటికి కనబడే భాగం కంటే వేరే పొడుగు. తెల్లని భాగం మీద నిలువునా సన్నటి గాడి ఉంటుంది. గోరు పెట్టి అడ్డంగా రాస్తే తగులుతుంది, టార్చి పక్కనుంచి వేస్తే నీడ పడుతుంది. ఒకసారి ఒక మేకలాయన తెచ్చిన కోర మీద ఆ గాడి చూపించబోతే లేదు. "మా తాతప్పుడు పులి పల్లని దండం పెట్టినాం మేడం దీనికి," అన్నాడు. పంది కోరకు దండం పెట్టినా తప్పు లేదులే నాయనా అన్నా. నవ్వి మళ్లీ గుడ్డలో కట్టుకుని పోయాడు.

రెండోది మోచేయి. ముందుకాలి పై ఎముక, పుస్తకాల్లో భుజాస్థి అంటారు, దాని కింది చివర లోపలివైపు పిల్లి జాతికి సన్నటి ఎముక వంతెన, దాని కింద పొడుగాటి చిల్లు ఉంటుంది. నరం, రక్తనాళం అందులోంచి పోతాయి. కుక్కకు ఆ పక్క చిల్లు లేదు, దుమ్ములగొండికి లేదు, మేకకు లేదు. కుక్కకు ఎముక నట్టనడుమ ఒక చిల్లు ఉండొచ్చు, దాన్ని చూసి మోసపోవద్దు, మనకు కావాల్సింది పక్కన, వంతెన కింద. నేర్చుకోవాలంటే ఖర్చు లేదు. ఆదివారం మటన్ కొట్టులో ముందుకాలు కొట్టకుండా ఇమ్మనండి, కూర వండుకుని, ఎముక కడిగి చూడండి. చిల్లు లేని ఎముక చేతికి అలవాటైతే, ఉన్నది ఎదురైనప్పుడు కన్ను దానంతట అదే ఆగుతుంది.

మూడోది గోరు. మన ఊళ్లో చిన్నపిల్లల మెళ్లో పులిగోరు కట్టే అలవాటు ఉండేది, ఇప్పటికీ బంగారం కట్టించి లాకెట్ చేయించుకునేవాళ్లున్నారు. అందులో చాలావరకు ఎద్దు కొమ్మో గిట్టో చెక్కి పాలిష్ పెట్టినవి. నిజమైనదైతే ఇంకా ప్రమాదం, దగ్గర ఉంచుకోవడమే నేరం. కానీ శిలాజంగా ఆ పులిగోరు దొరకదు. గోరు కొమ్ము లాంటి పదార్థం, మట్టిలో కుళ్లిపోతుంది. మిగిలేది లోపలి ఎముక. వేలి చివరి ఎముక వంకీ తిరిగి, దాని మొదట్లో ముసుగులాగా ఒక పలక లేచి ఉంటుంది. గోరు మొదలు ఆ ముసుగులో దూరి గట్టిగా పట్టుకుంటుంది. దాని వెనక ఎముక చూస్తే ఒక పక్క నొక్కినట్టు, వంకరగా ఉంటుంది. గోరు వెనక్కి ముడుచుకున్నప్పుడు పక్కకు ఒదగడానికి ఆ చోటు. ఆ వంకర చూసి విరిగిన ఎముకేమో అని పారేసేవాళ్లున్నారు. బొటనవేలంత ఎముక అయినా పిల్లి జాతికి ఇది సంతకం పెట్టినంత పని.

ఆ గవిలోకి అది ఎట్లా వచ్చింది?

ఇది మంచి ప్రశ్న, ఎక్కువమంది అడగనిది. పులి ఎముక ఉన్నంతమాత్రాన పులి అక్కడ కాపురం ఉందని కాదు. పైన నోరు తెరిచిన బిలం అయితే జంతువులు పడి చస్తాయి. అమెరికా వయోమింగ్‌లో నేచురల్ ట్రాప్ గుహ అలాంటిదే, సుమారు 25 మీటర్ల లోతు, పాతకాలపు సింహాలు కూడా అందులో పడ్డాయి. లేదా దుమ్ములగొండి తెచ్చి పెట్టుకుని ఉంటుంది. లేదా ముళ్లపంది. ముళ్లపంది ఎండు ఎముకలు పోగేసి కొరుకుతుంది, పళ్లు అరగదీసుకోవడానికి. అంచుల మీద పక్కపక్కనే జంటగా, వెడల్పు గాట్లు వరసగా ఉంటే అది ముళ్లపంది పని, మనిషి కత్తిది కాదు. కోర దిగిన గుంటలు వేరు, గుండ్రంగా లోపలికి నొక్కుకుపోయి ఉంటాయి.

దక్షిణాఫ్రికా స్వార్ట్‌క్రాన్స్ గుహలో ఆదిమానవ జాతికి చెందిన ఒక పిల్లవాడి పుర్రె దొరికింది, వెనకాల రెండు చిల్లులు. మనిషే మనిషిని చంపాడని కథలు అల్లారు. సి.కె. బ్రెయిన్ అనే శాస్త్రవేత్త అదే గుహలో దొరికిన చిరుత కింది దవడ తెచ్చి పెట్టి చూశాడు, రెండు కోరల మధ్య దూరం ఆ రెండు చిల్లులకు సరిపోయింది. పుర్రె ఒక్కటే ఎవరైనా జేబులో వేసుకుని పోయుంటే, దవడ ఇంకెక్కడో ఉండుంటే, ఈ సంగతి బయటికి వచ్చేదే కాదు. గవిలో ఎముక పక్కన ఏముందో అదే అసలు సాక్ష్యం.

తియ్యకుండా రాసుకోవడం

కనబడిన ఎముక చుట్టూ మీ అడుగు పడకుండా ఆగండి. దూరం నుంచి ఒక ఫొటో, గవి నోరు కూడా కనబడేట్టు. తర్వాత దగ్గరనుంచి, పది రూపాయల బిళ్ల పక్కన పెట్టి, నేరుగా పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. పక్కన మట్టి గోడ తెగి పొరలు కనబడుతుంటే ఆ పొరల ఫొటో తప్పకుండా తీయండి. ఏ పొరలో ఉందో రాయండి: ఎర్రమట్టా, బూడిద రంగుదా, పైన సున్నపు పెచ్చు ఉందా. బేతంచెర్ల ప్రాంతంలోనే ఉన్న ముచ్చట్ల చింతమాను గవిలో మూర్తిగారు తవ్వినప్పుడు కాలిన పొయ్యి మట్టి దొరికింది. దాన్ని పరీక్షించి సుమారు 17,000 ఏళ్లని తేల్చారు. అంటే మట్టి కూడా వయసు చెబుతుంది. చివరిసారి ఎప్పుడు వెలుతురు చూసిందో ఇసుక రేణువుల్లోంచి కొలిచే పద్ధతీ ఉంది. మీరు కాలితో కెలికి టార్చి కొట్టిన మట్టి దానికి పనికిరాదు.

నీళ్లు పోసి కడగొద్దు, తడిసి ఆరితే పగులుతుంది. ఫెవికాల్, వార్నిష్ అసలు తగలనివ్వొద్దు. ఎండలో పెట్టొద్దు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో తడిపిన గోనె పేలికలు చుట్టి తీసే పద్ధతి వీడియోల్లో చూసి కొందరు సరంజామా కొనుక్కుంటారు. అది చేసేవాళ్లు వేరే ఉన్నారు, మీరు కొనుక్కోవద్దు. చోటు మాత్రం ఫోన్ జీపీఎస్‌లో సేవ్ చేసుకుని మీ దగ్గరే పెట్టుకోండి. ఇన్‌స్టాలో లొకేషన్ పెట్టారంటే వచ్చే ఆదివారానికి ఆ గవిలో నిధి కోసం గడ్డపారలు దిగుతాయి. రాయలసీమలో నిధి పిచ్చి ఎట్లాంటిదో మీకు తెలుసు.

చెప్పాల్సినవాళ్లు ముగ్గురు. అడవిలో అయితే ముందు అటవీశాఖ. తర్వాత ఎస్వీ యూనివర్సిటీలో జియాలజీ విభాగం, పురావస్తు విభాగం. సున్నపురాయి గవి అయితే హైదరాబాద్‌లోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్షిణ ప్రాంత కార్యాలయం. ఉత్తరం ఒక పేజీ చాలు: ఊరు, గవికి దారి, తేదీ, ఫొటోలు, మీ ఫోన్ నంబరు. "ప్రాచీన పులి శిలాజం కనుగొన్నాను" అని హెడ్డింగు పెట్టకండి, అలాంటి ఉత్తరాలు వాళ్లకు రోజూ వస్తాయి. "కింది దవడ, కోర తర్వాత మూడు పళ్ల గుంతలు, సున్నపు పెచ్చు కింద ఎర్రమట్టి పొరలో" అని రాయండి. చదివినవాళ్లు కుర్చీలోంచి లేస్తారు.

వాళ్లు రావడానికి నెలలు పట్టొచ్చు. ఈలోగా వానలు మొదలైతే గవి నోటి దగ్గర పారే నీళ్లు లోపలికి రాకుండా నాలుగు రాళ్లు అడ్డం పెట్టి రండి, మేకలు దూరకుండా ముళ్లకంప అడ్డం వేయండి. ఎముక తేలిపోయి కనబడుతుంటే పక్కనున్న మట్టి కాకుండా బయటి నుంచి తెచ్చిన పొడి ఇసుక, రంగు వేరుగా ఉన్నది, పలచగా కప్పండి. తర్వాత తవ్వేవాళ్లకు మీ ఇసుక ఏది, గవి మట్టి ఏది అని చూడగానే తెలుస్తుంది. ఆ ఇసుక ఎప్పుడు వేశారో తేదీతో సహా అదే ఉత్తరంలో రాసి పంపండి.